చెవిలో లేని చెవి నొప్పి

ఎడమ చెవిలో నొప్పి మొదలైనప్పుడు నేను పెద్దగా పట్టించుకోలేదు. సిరిసిల్లలో మరమగ్గాల షెడ్డులో పదహారేళ్లుగా నూలు కండెలు చుడుతున్నాను. మరమగ్గాలను మేం సాంచెలంటాం. ఆ చప్పుడులో పనిచేసేవాళ్లకు చెవి నొయ్యడం వింతేమీ కాదు. మా ఆయన కూడా అదే అన్నాడు.

"సాంచెల సప్పుడే. దూది పెట్టుకో, పోతది."

దూది పెట్టుకున్నాను. ఎల్లిగడ్డ వేసి కాచిన నూనె పోసుకున్నాను. మా వీధి డాక్టరు రాసిన చుక్కల మందు రెండు సీసాలు అయిపోయాయి. నొప్పి పోలేదు. పొద్దున లేవగానే చెవి లోపల ఎవరో వేలితో నొక్కిపట్టినట్టు ఉండేది. అన్నం నములుతుంటే కణత దాకా పాకేది. చివరికి ఒక నెల షెడ్డుకు పోవడం మానేశాను. చప్పుడు లేని ఇంట్లో తగ్గాలి కదా, ఇంకా పెరిగింది.

ఆ నెలంతా నేను చేసిన పని ఒకటే, ఫోను చూడటం. ఫోనులో చూసింది మా చెల్లెల్ని.

చెల్లెలు కోరుట్లలో ఉంటుంది. జాకెట్ల మీద పూసలతో, జరీతో మగ్గం వర్క్ చేస్తుంది. ఇంటి ముందు గదే దుకాణం. నాన్న పోయాక నేను బడి మానేసి కండెల దగ్గర కూర్చున్నాను, అది చదువుకుంది. దానికి సూది పట్టుకోవడం నేర్పింది కూడా నేనే. ఇప్పుడు మెట్‌పల్లి నుంచి కూడా పెళ్లికూతుళ్లు దాని దగ్గరికి వస్తారు. కుట్టిన ప్రతి జాకెట్టునూ వాట్సాప్ స్టేటస్‌లో పెడుతుంది. నేను ప్రతిదీ పెద్దది చేసి చూసేదాన్ని. ఏ పువ్వు వంకరగా ఉందో వెతికేదాన్ని. దొరికేది కాదు.

అంతకంటే నన్ను కోసింది అమ్మ. ఇన్నేళ్లూ నా దగ్గరే ఉన్న మనిషి, పోయిన ఏడాది "జర కొన్నొద్దులు చిన్నదాని కాడ ఉండొస్త బిడ్డా" అని వెళ్లి అక్కడే ఉండిపోయింది. ఫోను చేస్తే దుకాణం ముచ్చట్లే.

"నిన్న ముగ్గురు అచ్చిండ్రు. చిన్నదానికి అన్నం తిన తీరిక లేదు బిడ్డా."

నేను "ఊఁ" అనేదాన్ని. నా చెవి సంగతి చివర్లో అడిగేది.

జగిత్యాలలో చెవి డాక్టరు దగ్గర నా పేరు రాయించింది కూడా చెల్లెలే. నేను సిరిసిల్ల నుంచి, అది కోరుట్ల నుంచి బస్సుల్లో వెళ్లి అక్కడ కలుసుకున్నాం. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూశాడు, వినికిడి పరీక్ష చేయించాడు.

"చెవిల ఏం లేదమ్మా. అంత మంచిగనే ఉన్నది," అన్నాడు.

చెల్లెలి ముందు ఆ మాట వినడం సిగ్గనిపించింది. లేని నొప్పి చెప్పుకుని తిరుగుతున్నానని అనుకుంటుందేమోనని భయపడ్డాను. అది మాత్రం "రెండొద్దులు మా ఇంటికి రా అక్కా" అని నన్ను కోరుట్ల బస్సెక్కించింది.

మరునాడు దుకాణంలో ఒక మూల కూర్చుని పూసలు ఏరుతున్నాను. జాకెట్టు తీసుకుపోవడానికి ఒకావిడ వచ్చింది. అద్దం ముందు అటూ ఇటూ తిరిగి చూసుకుని చెల్లెలి పనిని తెగ మెచ్చుకుంది. అమ్మ చాయ్ తెచ్చి ముందు దానికే ఇచ్చింది. ఆవిడ వెళ్లాక తలెత్తితే చెల్లెలు నావైపే చూస్తోంది.

"అక్కా, నువ్వు పండ్లు బిగవడుతున్నవ్."

"లేదు."

"గప్పటిసంది సూస్తున్న. ఆమె మాట్లాడినంత సేపు నీ దవడ కాడ గడ్డ లెక్క లేసింది." నా వేలు తీసి చెవి ముందు పెట్టించింది. "జర నోరు తెరిచి మూయి."

తెరిచాను. వేలి కింద ఏదో టక్కుమంది. నొప్పి చెవిలోకి దూసుకుపోయింది.

ఆ సాయంత్రమే పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టరమ్మ నా వెనక పళ్లు అరిగి చదునైపోయాయని అద్దంలో చూపించింది. తర్వాత చెవి ముందు రెండు వేళ్లతో నొక్కింది. నా కళ్ల వెంట నీళ్లు కారాయి.

"ఇదేనా నొప్పి?"

"ఇదే."

"ఇది చెవిది కాదమ్మా, దవడ కీలుది. కీలు చెవిని ఆనుకునే ఉంటది, అందుకే చెవిల నొస్తున్నట్టు అనిపిస్తది. పండ్లు బిగవట్టి బిగవట్టి ఇట్ల అయింది. మనసుల ఏమన్న రంది ఉందా?"

"ఏం లేదు," అన్నాను. చెల్లెలు పక్కనే కూర్చుని ఉంది.

నడిచి ఇంటికి వస్తుంటే నాకే తెలియకుండా నోరు జారింది.

"నిన్ను సూస్తె నాకు కండ్లమంట."

అది ఆగలేదు, నడుస్తూనే ఉంది. "నాకెరుకే అక్కా. నా స్టేటస్ అందరికంటె ముందుగాల సూసేది నువ్వే. ఒక్కసారన్న మంచిగున్నదని పెట్టలేదు."

"నీకు మస్తుమంది పెడ్తరు గద."

"నాకు సూది పట్ట నేర్పింది గా మంది గాదు."

నాకు కోపం వచ్చింది. ఇన్నాళ్లూ దాచుకున్నాననుకున్నది దానికి ముందే తెలుసు మరి.

వేడి కాపడం, మెత్తని తిండి, పడుకునేటప్పుడు పళ్లకు పెట్టుకునే ప్లేటు, ఇదే వైద్యం. పై పళ్లు ఎప్పుడు కింది పళ్లను తాకుతున్నాయో గమనించమంది డాక్టరమ్మ. మళ్లీ షెడ్డుకు వెళ్తూ గమనించాను. సాంచెల దగ్గర తాకడం లేదు. అమ్మ ఫోను వచ్చినప్పుడు తాకుతున్నాయి. రెండు నెలలకు నొప్పి పోయింది.

అసూయ మాత్రం పోలేదు. ఈమధ్య బంధువుల ఇంట్లో పెళ్లికని అమ్మ సిరిసిల్ల వచ్చింది. పదిమందిలో కూర్చుని, "జగిత్యాల డాక్టరుకు దొరకంది మా చిన్నదానికి దొరికింది" అని చెప్పుకుంది. నా రోగంతో కూడా దానికే పేరు. అందరూ నావైపు తిరిగారు.

"నిజమే," అన్నాను. "అది సూడకుంటె ఇంక చుక్కల మందే పోసుకుంటనే ఉందును."

అమ్మ వచ్చిన నాలుగో రోజు చెల్లెలు ఫోను చేసి అమ్మ ఎప్పుడొస్తదని అడిగింది. ఇంకో నెల నా దగ్గరే ఉంటానన్నదని చెప్పాను. అమ్మ అట్లా అనలేదు.