గుడ్డ విప్పిన కాయలు

ఆ పొద్దు పెంటమ్మ ఒక్క మాటైనా ఎవరి చెవిన ఎందుకు వెయ్యలేదు? ఇన్నేండ్లయినా జవాబు దొరకలేదు. ఆమెను అక్కా అని పిలిచే మౌలాబీకి కూడా బతికున్నన్నాళ్లూ దొరకలేదు. చెప్పవలసిన మనిషి మళ్లీ కనబడనే లేదు.

పెబ్బేరు పక్క పల్లెలో పదకొండు ఇండ్లకు కలిపి ఒక కూరగాయల మడి ఉండేది. చూసుకునేది పెంటమ్మ. పెనిమిటి పోయాడు, పిల్లల్లేరు. ఆ మడే ఆమె సంసారం. ఎండాకాలం బావి అడుగంటితే రోజూ ఇంటికొక కుండ నీళ్లు పోయాలి. తప్పిన ఇంటి ముందు నిలబడి, "మీ ఇంట్ల దప్పికలు బందయినయా ఏంది?" అని అడిగేది. నవ్వుకుంటూ పోసేవాళ్లు.

విత్తనానికి విడిచిన కాయకు ఆమె ఎర్రగుడ్డ పేలిక కట్టేది. అది ఉన్న కాయను ఎంత ఆకలైనా ఎవరూ ముట్టరు. లేనిదాన్ని ఎవరైనా కోసుకోవచ్చు.

నిజాం కాలం, పంతొమ్మిది వందల నలభై రెండో, నలభై మూడో. ఎండకు బెండ మాడింది, బీర మాడింది. మిగిలినవి మూడు ఆనపకాయలు, మూడింటికీ గుడ్డలే. అంతకుముందు కరువులో ఊరి విత్తనమంతా పోతే, పెంటమ్మ తల్లిగారి ఊరు బల్మూరు నుంచి కాలినడకన తెచ్చి పెట్టిన తీగ అది. ఇంకో ఇరవై దినాలు తీగమీదే ముదిరితే పదకొండు ఇండ్లకూ విత్తనం దక్కుతుంది.

అంతలో సర్కారు పెద్ద సాబు ఒకాయన ఊళ్లు తనిఖీ చేసే దౌరా మీద వచ్చి ఊరి బయట డేరా వేయించాడు. బంట్రోతులు కూరగాయలకు ఊరిమీద పడతారని తెలిసి పెంటమ్మకు నిద్ర పట్టలేదు. ఎర్రగుడ్డ దూరానికే కనబడుతుంది. తెల్లవారకముందే మూడూ విప్పి, కాయలను ఆకుల కింద దాచి, వాగు ఇసుకలో తవ్విన చెలిమకు నీళ్ల కోసం పోయింది.

బంట్రోతులు రాలేదు. పటేలు ఆ పదకొండు ఇండ్లలో ఒకింటి మౌలాబీని మడికి పంపాడు, ఉత్త గంపతో వస్తే ఆమె పెనిమిటిని డేరా కాడ వెట్టికి పెడతానని చెప్పి. మౌలాబీ ఆకులెత్తి చూసింది. కాయలున్నాయి, గుడ్డలు లేవు. ఊరికి మాట రాకూడదని అక్కే విడిచిపెట్టిందనుకుంది. మూడూ కోసి పంపింది.

పెంటమ్మ కుండతో వచ్చి తెగిన తొడిమెలను ఒక్కొక్కటి ముట్టి చూసింది.

"గుడ్డ లేదు గదక్కా," అంది మౌలాబీ.

పెంటమ్మ కొంగుముడి విప్పింది. మూడు పేలికలు. "నేనే విప్పిన."

మౌలాబీ డేరా కాడికి ఉరికింది. కాయలు అప్పటికే ఉడుకుతున్నాయి. తొక్కల్లో పడివున్న గింజలను గోటితో నొక్కితే నీళ్లు కారాయి. అవి మొలవవు.

తిరిగొచ్చేసరికి తీగ మొదట్లో మన్ను తడిగా ఉంది. ఖాళీ కుండ గట్టుమీద బోర్లించి ఉంది. గొర్లు కాసే కురుమూర్తి ఎదురొచ్చి చెప్పాడు: పెంటమ్మ బల్మూరు తోవన పోతుంటే, యాడికక్కా అని రెండుసార్లు పిలిచాడట. వెనక్కి తిరిగి చూడలేదట.