అవ్వ సన్నాయి మీది చేప

పసుపు కొమ్ముల వాసన తగిలితే మీకేం గుర్తొస్తుంది? నాకు మా ఎడపల్లి ఇల్లు, బాపును కన్న మా అవ్వ గుర్తొస్తారు. తాత పోయినంక సన్నాయిలు ఆమే చేసేది. ప్రతి సన్నాయి మీద తన గుర్తుగా చిన్న చేప చెక్కేది.

బాపు పెళ్లిళ్లలో వాయించే సన్నాయి మీద ఆ చేప చేతి రాపిడికి అరిగిపోయింది.

“మంచిగైంది. ఆడది చేసిందంటే నవ్వుతరు. బోధన్ దుకాణపోళ్ల పేరు చెక్కిస్త,” అన్నాడు బాపు.

“వాళ్లు తొలిసిన్రా దీన్ని?” అన్నది అవ్వ.

సన్నాయిని వెలుగుకు వంచి, మిగిలిన గీతల వెంట ఉలిమొన నడిపింది. కరిగిన లక్కలో పసుపు కలిపి నింపి, గుడ్డతో తుడిచింది. నల్లని కర్ర మీద చేప మెరిసింది.

అప్పుడే అక్షరాలు నేర్చి, కనిపించిన ప్రతిదాని మీదా రాస్తున్న రోజులు నావి.

“నీ పేరు గూడ రాయాల్నా అవ్వా?”

“రాయి బిడ్డా. పెద్దగ రాయి.”

చేప పక్కన దబ్బనంతో ‘ఐలవ్వ’ అని గీశాను. అవ్వ ఆ గీతల్లోనూ పసుపు లక్క నింపింది.

తర్వాతి పెళ్లిలో ఒక పెద్దమనిషి అది చదివి, “ఐలవ్వ ఎవలు?” అని నవ్వాడు.

బాపు తల దించలేదు. “మా అవ్వ. గిది ఆమెనే చేసింది. ఇనుండ్రి,” అని ఊదాడు.

ఇప్పుడా సన్నాయి నా దగ్గరుంది. అప్పటి చేపలాగే పేరూ అరిగింది. అందుకే ఇవాళ పసుపు కొన్నాను.