సత్తయ్య బావ తిప్పిన ప్రొపెల్లర్

కుళాయిలో నీళ్లు రోజు విడిచి రోజైనా రాని ఊరికి నన్ను పడవ ఇంజన్ల మీద వేశారు. ముంబయి రేవు నుంచి సోలాపూర్‌కు బదిలీ ఉత్తర్వు రోహిణి కార్తె ఎండల్లో అందింది. హోదా సీనియర్ మెరైన్ ఫిట్టర్. అంటే పడవ నడిపేవాడు కాదు. పడవకు తగిన ఇంజన్‌నూ ప్రొపెల్లర్‌నూ ఎంచి, బిగించి, పరీక్షించి, కాగితం మీద సంతకం పెట్టేవాడు. సోలాపూర్ మా సొంత ఊరే. జోడ్‌భావి పేట్‌లో మా నాన్న చద్దర్లు నేసిన ఇంట్లోనే దిగాను.

మా గల్లీలో నాకొక పేరుంది. ముంబయిలో తిమింగలం తోకకు మోకు కట్టి, చెడిపోయిన లాంచీని ఒడ్డుకు లాగించానని చెప్పింది నేనే. గల్లీ జనం నా మాటల్లో సగం కొట్టేసి, మిగతా సగాన్ని చాయ్‌తో పాటు మింగుతారు. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో మాత్రం నేను సాగదీసింది లేదు. జరిగిందే చాలినంత పొడుగుంది.

జిల్లా వరద సహాయ దళానికి ఆ వేసవిలో కొత్త పడవ వచ్చింది. పదహారు అడుగుల ఫైబర్ పడవ, వెనక పలక మీద తగిలించే నలభై హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్ ఇంజన్. పుణె నుంచి వచ్చే పెద్ద సాహెబ్ ఎదుట అది పరీక్ష నెగ్గాలి. నడిపేవాడు కాక ఎనిమిది మందితో నీళ్ల మీద లేచి, ఎదురుగా ఉన్న గట్టును తాకి రావాలి. లేవకపోతే వానలకు ముందే వేరే జిల్లాకు పంపేస్తారు. మాకు పాత పడవే మిగులుతుంది.

ఆ పాత పడవ సంగతి పోశక్కకు బాగా తెలుసు. పోశక్క విడీ ఘర్కుల్ అనే బీడీ కార్మికుల కాలనీలో బీడీలు చుడుతుంది. మా అమ్మకు దగ్గరి మనిషి, నన్ను తమ్మీ అంటుంది. ఆమె కూతురు రజితను భీమా నది ఒడ్డు ఊరికిచ్చారు. కిందటి వరదలో రజిత చంటిపిల్లను ఎత్తుకుని బడి కప్పు మీద పొద్దంతా నిలబడింది. పాత పడవ ప్రవాహానికి ఎదురెక్కలేక వెనక్కి వెనక్కి జారిందట. చీకటి పడే వేళకు నీళ్లే తగ్గి తల్లీపిల్లా దిగారు తప్ప పడవ దించింది కాదు. నేను వచ్చానని తెలియగానే పోశక్క బీడీల చాట పక్కన పెట్టి మా ఇంటికి వచ్చింది.

"తమ్మీ, నీ తిమింగలం ముచ్చట్లు మస్తు విన్న. గిప్పుడు నిజం చెప్పు. గీ పడవ నా బిడ్డ ఊరికి ఎదురెక్కుతదా, లేదా?"

ఎక్కుతుందని చెప్పాను. చెప్పిన మర్నాడు ఉజని జలాశయంలో పడవలో ఇసుక సంచులు వేసి చూస్తే ఎక్కలేదు.

ఎందుకు ఎక్కలేదో చెప్పాలంటే రెండు మాటలు వివరించాలి. నెమ్మదిగా పోయే పడవ నీళ్లను దున్నుకుంటూ పోతుంది. వేగం ఒక హద్దు దాటితే ముక్కు దిగి, అడుగు పైకి తేలి, నీటి మీద జారడం మొదలుపెడుతుంది. దీన్ని మా పనిలో పడవ లేవడం అంటాం. వేగమంతా ఆ లేవడంలోనే ఉంది, లేవని పడవ ప్రవాహానికి ఎదురెక్కదు. ఇక రెండోది పిచ్. ప్రొపెల్లర్‌ను మరమేకు అనుకోండి, నీళ్లను కర్ర అనుకోండి. ఒక్క చుట్టు తిరిగితే ఎన్ని అంగుళాలు ముందుకు చొచ్చుకుపోతుందో అదే దాని పిచ్. పిచ్ పెద్దదైతే చుట్టుకు ఎక్కువ దూరం, కానీ ఇంజన్ మీద బరువు. చిన్నదైతే తక్కువ దూరం, ఇంజన్‌కు సులువు. సైకిల్ మీద ఎత్తు ఎక్కేవాడు తక్కువ గేరు వేసుకున్నట్టే.

పడవతో వచ్చిన ప్రొపెల్లర్ పిచ్ పదమూడు. ఖాళీ పడవ దాంతో బాణంలా పోయింది. బరువు పెట్టగానే ముక్కు ఆకాశం చూసింది, తోక నీళ్లలో కూరుకుంది. థ్రాటిల్ పూర్తిగా తిప్పినా నిమిషానికి నాలుగు వేల నాలుగు వందల చుట్లు దాటలేదు. ఆ ఇంజన్ బలమంతా అయిదు వేలకూ ఆరు వేలకూ మధ్య ఉంటుంది. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే దాదాపు రెండు వందల చుట్లు పెరుగుతాయన్నది మా లెక్క. కనుక పది దగ్గర పిచ్ కావాలి. ముంబయికి ఫోన్ చేస్తే వానలు పడ్డాక పంపుతామన్నారు.

గోదాములో పాత కంచు ప్రొపెల్లర్ ఒకటి ఉంది. పిచ్ అదే పదమూడు, కానీ కంచు గనుక కాల్చి, కొట్టి, రెక్కలను తిప్పుకోవచ్చు. సోలాపూర్‌లో ఆ పని చేయగలవాడు మా అక్క మొగుడు సత్తయ్య బావ. ఆయన వర్క్‌షాప్‌లో పవర్‌లూమ్‌ల గేర్లు, షాఫ్టులు తయారవుతాయి. తనకు తెలియనిది భూమ్మీద లేదని ఆయన నమ్మకం. ఎనిమిది మంది బరువు లాగే పడవకని కబురు చెప్పి ప్రొపెల్లర్‌ను ఆటోలో పంపి, ఫోన్ చేశాను. అటు పక్క మగ్గాల చప్పుడు.

"బావా, పిచ్ తగ్గియ్యాలె. గిప్పుడు పదమూడు ఉన్నది. మూడు తగ్గియ్యి."

"పిక్కా? పిక్ తగ్గిస్తే ఎట్లరా బామ్మర్దీ? బరువు లాగాల్నంటివి గద!"

"బరువు లాగాల్ననే తగ్గియ్యమంటున్న. చెప్పింది చెయ్యి బావా, బహస్ పెట్టకు."

"సరే తీ. షహాణా నువ్వే, తెలివంతా నీదే." ఫోన్ పెట్టేశాడు.

నేను ఇంజన్ అమరిక మీద పడ్డాను. ప్రొపెల్లర్‌కు పైన చదునైన రేకు ఒకటుంటుంది. అది పడవ అడుగుతో సమంగా ఉండాలి. మరీ లోతైతే ఈడ్పు పెరుగుతుంది, మరీ పైకైతే ప్రొపెల్లర్ గాలి మింగి ఊరికే తిరుగుతుంది. ఇంజన్‌ను ఒక రంధ్రం పైకి లేపి బిగించాను. ఇంజన్ వాలును నిలిపే కోణం పిన్నును ఒక గడి లోపలికి మార్చాను, ముక్కు తొందరగా దిగేందుకు.

పరీక్ష రోజు ఇసుక సంచులు కుదరవని, మనుషులే కావాలని సాహెబ్ కబురు పెట్టాడు. మా గల్లీ నుంచి నలుగురు నేత పనివాళ్లను, విడీ ఘర్కుల్ నుంచి పోశక్కనూ ఆమె జోడీదారు ఒకామెనూ టెంపోలో ఎక్కించుకుని ఉజని చేరాను. ఏడో మనిషిని నేను. ఎనిమిదో మనిషి ప్రొపెల్లర్‌ను తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుని ఆటోలో దిగాడు. సత్తయ్య బావ ఒక్కడే ఇద్దరి బరువు. పడవ నడిపే యాదగిరి ఆ పొట్లం అందుకుని నీళ్లలోకి దిగి బిగిస్తుంటే, నేను గట్టు మీద సాహెబ్‌కు ఇంజన్ వివరాలు చెబుతున్నాను. నేను తిరిగి చూసేసరికి ఇంజన్ దిగింది, ప్రొపెల్లర్ నీళ్ల కింద ఉంది.

నారింజ రంగు లైఫ్ జాకెట్లు తొడిగారు. పోశక్క తన ఒళ్లు చూసుకుంది. "అయ్యో, సంత్రా లెక్క అయితినే!"

"సంత్రా కాదు, తర్బూజా," అన్నాడు బావ.

"నువ్వు ఎక్కినంక పడవ మునిగితే ఎవరు తర్బూజానో తెలుస్తది తీ."

అందరూ కూర్చున్నారు. ఉజని నీళ్లను వాళ్లు ఇంత దగ్గరగా చూడటం అదే మొదలు. ఊరి కుళాయిల్లోకి వచ్చేది ఈ నీళ్లేనని ఒకతను నమ్మలేదు. "గిన్ని నీళ్లు పెట్టుకుని మాకు బిందెడు ఇస్తున్నరా?" అన్నాడు. అవతలి గట్టు కంటికి సన్నని పోగులా ఉంది.

ఇక బయలుదేరమని సాహెబ్ గట్టు మీదనుంచి చెయ్యి ఊపాడు. "చలా, సురూ కరా!"

అప్పుడు బావ నా వైపు వంగి, గొప్పగా, అందరికీ వినపడేట్టు చెప్పాడు. "బామ్మర్దీ, నీ మాట నేను వినలే. నువ్వు మూడు తగ్గియ్యమంటివి. నేను మూడు పెంచిన. పదహారు చేసిన."

పదహారు. పదమూడుకే లేవని పడవ పదహారుకు గట్టు కూడా వదలదు. యాదగిరి నా ముఖం చూశాడు. పోశక్క ఇద్దరి ముఖాలూ చూసింది. "ఏందిరా? ఏమైంది? ఎక్కదా?" అంది. ఇప్పుడు ఆపితే సాహెబ్ దృష్టిలో పడవ ఓడినట్టే. ఆమెకు జవాబు చెప్పకుండా యాదగిరికి తల ఊపాను.

యాదగిరి థ్రాటిల్ తిప్పాడు. ముక్కు లేచింది. ఇక ఇంజన్ గొంతు అక్కడే మూలుగుతూ ఆగిపోతుందని చుట్లు చూపే మీటరు మీదే కళ్లు పెట్టాను. ఆగలేదు. నాలుగు వేల నాలుగు వందలు దాటింది. నాలుగు వేల ఎనిమిది వందలు. "ముందుకు జరుగుండ్రి! బావా, జరుగు!" అని అరిచాను. బావ ముందు పలక మీదికి పాకాడు. సూది అయిదు వేలు దాటింది.

అప్పుడు పడవ లేచింది.

ముంబయి రేవులో వందల పడవలు లేవడం చూశాను. కానీ ఆ పూట ఆ ఎనిమిది మందితో లేచినట్టు ఏదీ లేవలేదు. ముక్కు దిగింది, చప్పుడు మారింది, నీళ్ల ఈడ్పు ఒక్కసారిగా తెగిపోయింది. కింద నీళ్లు ఉన్నాయా, గాజు పరిచారా అన్నట్టు జారిపోయాం. పొడుగుకాళ్ల గులాబీ రంగు కొంగల గుంపు ఒకటి మా ముందు లేచి, ఆకాశమంత వెడల్పున విచ్చుకుంది. నేత పనివాళ్లు ఒకరి భుజం ఒకరు పట్టుకున్నారు. పోశక్క పడవ అంచు పట్టుకుని ముందుకే చూస్తోంది. సన్నని పోగులా ఉన్న గట్టు చూస్తుండగానే చెట్లుగా, రాళ్లుగా మారింది. ఎప్పుడూ ఏదో ఒకటి మాట్లాడే నా నోరు కూడా ఆగింది. అందుకు సాక్షులున్నారు.

గట్టు తాకి తిరిగి వచ్చాక సాహెబ్ ఒక్క మాటే అన్నాడు, "ఛాన్." బాగుందని. సంతకం పెట్టాడు. పడవ సోలాపూర్‌కే ఉండిపోయింది.

నాకు మాత్రం తల తిరుగుతోంది. ప్రొపెల్లర్ ఊడదీయించి గోదాముకు తీసుకెళ్లి కొలిచాను. పిచ్ పదిన్నర. మళ్లీ కొలిచాను. పదిన్నరే.

"బావా, పదహారు చేసిన అంటివి గద. పదహారు ఏంది?"

"పిక్కులురా! ఇంకేముంటయి?"

అక్కడ తెలిసింది. మగ్గం మీద పిక్ అంటే అడ్డపోగు. అంగుళానికి ఎన్ని పిక్కులో దాన్నిబట్టి బట్ట. పిక్కులు పెంచితే పోగు పోగుకూ బట్ట తక్కువ జరుగుతుంది, గట్టిగా వస్తుంది. తగ్గిస్తే ఎక్కువ జరుగుతుంది, పల్చనవుతుంది. నేను పిచ్ అన్నది మగ్గాల మోతలో ఆయన చెవికి పిక్ అయింది. బరువు మోసే చద్దరుకు ఎవడైనా పిక్కులు తగ్గిస్తాడా? బామ్మర్దికి మతి పోయిందనుకుని, నేను చెప్పినదానికి ఎదురు చేశాడు. ఇదివరకు పదమూడు చుట్లలో పోయే దూరం ఇకమీదట పదహారు చుట్లలో పోవాలని రెక్క వాలును అంతకంత దించాడు. పదమూడు అంగుళాలను పదమూడుతో హెచ్చించి పదహారుతో భాగించండి. పదిన్నరకు వెంట్రుకవాసి ఎక్కువ వస్తుంది. నేను తగ్గించమన్నదీ ఆయన పెంచిందీ ఒకటే. నా మాటకు పూర్తిగా విరుద్ధంగా చేశాననుకుంటూ నాకు కావలసిందే చేసిపెట్టాడు.

ఎంత వివరించినా ఆయన ఒప్పుకోలేదు. "నీ మాట విననందుకే లేచిందిరా పడవ," అని ఇవాళ్టికీ మా అక్క ముందు అంటాడు.

ఆ వానాకాలం భీమా పొంగింది. యాదగిరి పడవను ప్రవాహానికి ఎదురుగా ఎక్కించి, రజితనూ పిల్లనూ ఇంకా కొందరినీ బడి కప్పు మీదనుంచి మధ్యాహ్నం లోపలే దించుకొచ్చాడు. గట్టు మీద పోశక్క పిల్లను అందుకుని నాతో అన్నది ఇంతే: "తిమింగలం ముచ్చట గూడ నిజమేనా ఏంది, తమ్మీ?" నేను అవుననలేదు, కాదనలేదు.

ఇప్పుడు ఉద్యోగం మానేసి గల్లీలో ఈ సంగతి చెబితే, అలవాటు ప్రకారం ఇందులోనూ సగం కొట్టేస్తున్నారు. కొట్టేయనివ్వండి. పనిలో నాకు మిగిలింది రెండు విషయాలు. ప్రొపెల్లర్‌ను ఖాళీ పడవను చూసి కాదు, అందులో ఎక్కబోయే మనుషులను చూసి ఎంచాలి. రెండోది, ఒక పనివాడి పెంచడం ఇంకో పనివాడికి తగ్గించడం కావచ్చు. ఆ తర్వాత నేను ఏ వర్క్‌షాప్‌కూ పెంచమని గానీ తగ్గించమని గానీ చెప్పలేదు. ఒక చుట్టుకు ఎన్ని అంగుళాలు ముందుకు పోవాలో అది చెప్పాను.