చిలుకలకు మొఖం సూపియ్యని ఐదు దినాలు

నవ్వుండ్రి. గల్లీల నన్ను లచ్చవ్వ అని ఎవ్వరు పిలుస్తలేరు, ఇప్పుడు చద్దరక్కనట. గా పేరు ఎట్లొచ్చిందో జెప్త, బీడీలు ఆపకుంటనే ఇనుండ్రి. తర్వాత లెక్క తక్వైందని నన్ను అనొద్దు.

పోయిన సోమారం మా ఆయన అశోక్ చౌక్ కాడికెళ్లి ఒక జోడి చిలుకలను పింజరతోని తెచ్చిండు. రెక్కలు కత్తిరించినయి, దూరం ఎగరలేవు. పాపం, మనిషి కనవడితె సాలు, మూలకు పోయి ఒకదాని మీదొకటి ఎక్కి ఒర్లుతయి. ఒక్క పూటకే మా అత్తకు తలకాయ నొచ్చింది. "ఇగో పిల్లా, ఐతారం దాక సూస్త. నీ చేతిల తినకపోతె వాపస్ ఇచ్చి రమ్మంట" అన్నది.

వాపస్ ఇస్తె ఎవని చేతిల వడ్తయో ఏమో. నాకు మనసొప్పలే.

"తింటయి అత్తా. తినకపోతె నా పేరు మార్చుకుంట" అన్న.

పచ్చిమిరపకాయ వట్టుకొని గంటసేపు కూసున్న. చెయ్యి తిమ్మిరెక్కింది గని అవి మూల ఇడువలే. తెలుగుల పిలిసిన, మరాఠీల పిలిసిన, హిందీల గూడ పిలిసిన. మూడు భాషలల్ల భయపడ్డయి.

మా ఆయన తాపీగ చాయ్ తాక్కుంట అన్నడు, "నీ మొఖం సూసే భయమేమోనే. పన్నెండేండ్లాయె, నాకే ఇంక అలవాటు గాలే."

మండింది. కని గా మాటనే పట్టుకున్న. మొఖమే గద భయం? మా ఆయన పనిజేసే చద్దర్ల కార్ఖానల మరక వడ్డదని ఇంటికి తెచ్చిన ఎర్ర పూల చద్దర్ ఉండె. బుధారం దాన్ని నెత్తిమీదికెళ్లి కాళ్ల దాక కప్పుకున్న. కండ్లకు ఇంత సందు, చేతికి ఇంత సందు. చాట ఒళ్లె వెట్టుకొని చద్దర్ లోపట్నే బీడీలు చుట్టిన. సోలాపూర్ల మే నెల ఎట్లుంటదో మీకు జెప్పాల్నా? తంబాకు వాసనకు తుమ్ములు. తుమ్మితె బెదురుతయని తుమ్ము గూడ మింగిన.

పక్కింటి పోసవ్వ కత్తెరకని వచ్చి నన్ను సూసింది. సప్పుడు జెయ్యకని చద్దర్లకెళ్లి చెయ్యి ఊపిన. చలిజరంతోని వణుకుతున్ననుకున్నది. ఉరికిపోయి డాక్టర్‌ను తోలుకొచ్చింది. చద్దర్ తియ్యమంటడు ఆయన.

"ఐతారం దాక తియ్య సార్" అన్న.

ఆయన నా నాడి ఇడిసిపెట్టి మా అత్తను అడిగిండు, "గిట్ల ఎన్ని దినాలసంది?"

శనివారం పింజర తలుపు తీసి పెట్టిన. పెద్దది మెల్లగ వచ్చి నా చేతిల మిరపకాయ కొరికింది. చిన్నది భుజమెక్కింది. నిజంగ జెప్తున్న, కండ్లల్ల నీళ్లు తిరిగినయి.

ఐతారం అత్త, పోసవ్వ తలుపు సాటుకెళ్లి సూస్తుంటె గూడ నా చేతిల తిన్నయి. ఆడికే ఆగితె అయిపోతుండె. నేను గొప్పలకు వోయిన. మచ్చిక జేసినదాన్ని నేనేనని అందరికి సూపియ్యాలె గద? చద్దర్ తీసి కింద వడేసిన.

నా మొఖం సూసినయి. రెండు గలిసి ఒర్లి, వాకిలి దాటి పోయినయి.

నా పాణం ఆడ్నే పోయింది. అసలే రెక్కలు లేని పిట్టలు, గల్లీ నిండ పిల్లులు. చెప్పులు లేకుంట ఉరికిన. చెట్టు చెట్టు కింద, గోడ గోడ ఎనుక ఎతికిన. గంటకు ఏడ్సుకుంట ఇంటికొచ్చిన.

నేనటు పోంగనే మా అత్త, చెమట వాసనొస్తున్నదని గా చద్దర్‌ను తీసి ఇంటెనుక తీగెమీద ఆరేసిందట. దాని మీద కూసున్నయి రెండు, పక్కపక్కన, నిమ్మళంగ.

అత్త మాట తప్పలే. చిలుకలు ఇంట్లనే ఉన్నయి. తినకపోతె పేరు మార్చుకుంట అన్న గద. తిన్నయి, అయినా పేరు మారింది.

పొద్దుగాల నేను గింజలు వట్టుకొని పోతె ఇప్పటికి ఒర్లుతయి. మా అత్త లోపటికెళ్లి కేకేస్తది:

"పిల్లా, నువ్వు జర ఆగు. ముందుగాల చద్దర్‌ను పోనియ్యి."