బోరింగు చుట్టూ తెల్లగీత

మా అమ్మాయి పోయిందన్న సంగతి నాకు మిరపకల్లంలో తెలిసింది. ఎండుతున్న కాయల్ని కాళ్ళతో తిరగేస్తూ చెడ్డకాయలు ఏరేస్తున్నాను. అల్లుడు, అంటే మా తమ్ముడి కొడుకే, నర్సరావుపేట ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి "అత్తా" అన్నాడు. ఆ పైన ఏడుపే. జ్వరమని చేర్చిన పిల్ల. ముందు రోజు కూడా నాతో మాట్లాడింది. తన పాపకు పాలు ఇచ్చేటప్పుడు వేడి చూసుకోమని చెప్పింది. ఫోను చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయాను. చేతుల నిండా కారం, కళ్ళు తుడుచుకోవడానికి కూడా లేదు.

అప్పుడు ఊళ్ళో శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ కడుతున్నారు. ఏటా పాటలతో హోరెత్తిపోయే మా ఊరి ప్రభ ఈసారి మైకు లేకుండా కదిలింది. ఒక ఆడపిల్ల కోసం, అదీ బడి టీచరు కోసం, మా ఊరు అలా చేయడం నేనెప్పుడూ చూడలేదు.

నేను మూడో తరగతితో బడి మానేసినదాన్ని. కూడబలుక్కుని చదువుతాను, రాయడం ఇంకా కష్టం. మా అమ్మాయి ఇదే ఊరి చిన్నబడిలో టీచరు. బడి పత్రికలో ఆమె గురించి నాలుగు ముక్కలు రాయమని హెడ్మాస్టరుగారు అడిగారు. ఆమె మంచితనం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు, మీ పిల్లలే ఇంటికొచ్చి చెప్పి ఉంటారు. ఆమె పోయాక జరిగిన ఒక పని గురించి రాయాలి. సిగ్గుగా ఉంది, అయినా రాస్తాను.

బడి గేటు పక్కన గోడకు ఒక నల్లబల్ల ఉంది. మా అమ్మాయి దాని మీద పిల్లల చేత "బడి వార్తలు" అని రాయించేది. రోజూ పొద్దున ప్రార్థన దగ్గర ఒక పిల్ల గానీ పిల్లోడు గానీ వాటిని గట్టిగా చదవాలి. రేషన్ షాపు తాతగారి గేదె ఈనింది, దూడ నల్లది. అంగన్‌వాడీ వెనక పాము కుబుసం కనిపించింది, ఎవరూ వెళ్ళవద్దు. ఇలాంటివి. కళ్ళతో చూసిందే రాయాలని నియమం పెట్టింది. సాయంత్రం బడి వదిలాక పిల్లలు వార్తల కోసం వీధులన్నీ తిరిగేవాళ్ళు. వాళ్ళు కనిపిస్తే అరుగుల మీద మగాళ్ళు, "ఒరేయ్, విలేకర్లొస్తున్నార్రా, బీడీలు దాయండి" అని నవ్వుకునేవాళ్ళు. నవ్వుతూనే దాచేవాళ్ళు.

నేను చేలోకి పోతూ ఆ బల్ల దగ్గర ఆగి చదువుకునేదాన్ని. నాకు కాస్తోకూస్తో చదువు మళ్ళీ వచ్చింది దాని వల్లే. ఈ మాట ఆమెతో ఎప్పుడూ చెప్పలేదు.

ఇంకో నియమం ఉండేది. "పేరు రాయొద్దు, పని రాయండి. చేసినోళ్ళకి తెలుస్తదిలే" అనేది పిల్లలతో. ఒకసారి బల్ల మీద ఇలా ఉంది: ఆదివారం సాయంత్రం మన బోరింగు దగ్గర మందు కొట్టే ట్యాంకు కడిగారు, ట్యాంకు రంగు పచ్చ. మా ఆయన ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని, "నీ కూతురు నన్ను పేపర్లో ఏసిందే" అన్నాడు. అప్పుడే పాపను తీసుకుపోదామని వచ్చింది మా అమ్మాయి. "నేనెక్కడేశా నాన్నా? నీ పేరుందా అందులో?" అంది. "పేరు లేకపోతే ఏంది, రంగుందిగా" అన్నాడు. ముగ్గురం నవ్వాం. పత్తి మందూ మిరప మందూ కొట్టిన ట్యాంకుల్ని బడి బోరింగు దగ్గర కడుక్కోవడం మా ఊరికి అలవాటు. ఆదివారమైతే అడిగేవాళ్ళుండరు, నీళ్ళు బాగా వస్తాయి. ఆ రోజు తర్వాత మా ఆయన మటుకు ట్యాంకు చేలోనే కడిగాడు.

బోరింగు చుట్టూ సున్నంతో ఒక గీత గీసేది. గీత లోపలికి చెప్పులు రాకూడదు, గొడ్లు రాకూడదు, గుడ్డలుతకకూడదు, గిన్నెలు తోమకూడదు. పిల్లలు చెప్పులు గీత బయట వరసగా విడిచి, నీళ్ళు తాగి, మళ్ళీ తొడుక్కునేవాళ్ళు. వానకో కాళ్ళ తొక్కుడుకో గీత చెరిగితే సోమవారం పొద్దున్నే మళ్ళీ గీసేది. కొంగు నడుముకు దోపుకుని, సున్నం డబ్బా చేత్తో పట్టుకుని, వెనక్కి వెనక్కి నడుస్తూ గీసేది, తన అడుగు తన గీత మీద పడకుండా. నేలలోకి ఇంకిపోయేదానికి ఇంత గొడవేందే అని నేనొకసారి అన్నాను. "ఇంకింది యాడికి పోద్దమ్మా? మళ్ళీ పిల్లల గ్లాసులోకే గదా" అంది. గచ్చు పగిలిన చోటు చూపించింది. పైన పోసిన మురుగు ఆ పగుళ్ళ వెంట గొట్టం పక్క నుంచే కిందికి దిగుతుందని చెప్పింది. నేను తలాడించాను. సగమే అర్థమైంది.

మా ఊళ్ళో పెళ్ళయినా, దినమైనా భోజనాలు బడి ఆవరణలోనే. జాగా ఉంది, నీడ ఉంది, బోరింగు ఉంది. వంట గుండిగలు అక్కడే దించుతారు, అక్కడే తోముతారు. మా అమ్మాయి వచ్చాక ఇది కుదరదంది. నా తోడికోడలి కొడుకు పెళ్ళిలో వంటవాళ్ళు గుండిగలు బోరింగు దగ్గరికి మోస్తుంటే అడ్డంగా నిలబడింది, పట్టుచీరతో. మా బావగారు, అంటే మా ఆయనకు అన్న, నలుగురిలో అడిగాడు, "బడి ఊరిదా, నీదా?" అని. "ఊరిదే పెదనాన్నా. అందుకేగా అడుగుతున్నా" అంది. గుండిగలన్నీ ట్రాక్టరెక్కించి చేలో మోటారు దగ్గరికి పంపించేదాకా కదల్లేదు. ఆ పూట నాకు తల కొట్టేసినట్టయింది. కూతుర్ని అదుపులో పెట్టుకోలేకపోయిందని నా వాళ్ళంతా నన్నే చూస్తున్నట్టనిపించింది.

ఇక ఆమె పెద్దకర్మ రోజు.

భోజనాలు ఎక్కడన్న మాట వచ్చినప్పుడు, "ఆమె బడే గదా, అక్కడే పెడదాం, మర్యాదగా ఉంటది" అన్నారు పెద్దవాళ్ళు. అందరికీ బాగుందనిపించింది. నన్నడిగితే తలూపాను. ఆదివారం కాబట్టి బడి లేదు. ఆవరణంతా టెంటు వేశారు. పూలదండ వేసిన ఫోటో పక్కన నన్ను కూర్చోబెట్టారు. మీరంతా వచ్చారు, నా చేతులు పట్టుకున్నారు, తిన్నారు.

మధ్యాహ్నం తిరిగాక ఇనుము గచ్చు మీద గీసుకుంటున్న చప్పుడు వినిపించింది. తల తిప్పితే సాంబారు గుండిగలు బోరింగు మూతి కింద బోర్లించి ఉన్నాయి. తోమేవాళ్ళు బూడిద, సబ్బు, పీచు దగ్గర పెట్టుకుని కూర్చున్నారు. మెతుకులు, విస్తళ్ళు, జిడ్డునీళ్ళు. చెప్పులతో వచ్చేవాళ్ళు, పోయేవాళ్ళు. సున్నపు గీత కాళ్ళ కింద నలిగి బురదలో కలిసిపోతోంది. తను ఆసుపత్రికి పోయే ముందు గీసిన గీత అది. ఆఖరిది.

నాకు తెలుసు. ఆ మధ్యాహ్నం అక్కడున్నవాళ్ళలో ఆ గీత ఎందుకో అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే. లేవాలనుకున్నాను. కూతురు పోయిన తల్లి గిన్నెల గురించి లేచి అరిచిందంటే నలుగురూ ఏమనుకుంటారు అనిపించింది. అంతే, కూర్చుండిపోయాను. మా అమ్మాయి పట్టుచీరతో నిలబడిన చోటు నాకు నాలుగు అడుగుల్లో ఉంది. ఆమె ఫోటో మొహం కూడా అటే ఉంది.

సోమవారం పాపను అంగన్‌వాడీలో దించడానికి వెళ్ళాను. అంగన్‌వాడీ కూడా బడి ఆవరణలోనే. బల్ల దగ్గర అలవాటుగా ఆగాను. "నిన్న మన బడిలో భోజనాలు జరిగాయి. బోరింగు చుట్టూ సాంబారు నీళ్ళు నిలిచాయి. ఈగలు ముసిరాయి. నీళ్ళు వాసన వస్తున్నాయి. ఎవరూ తాగవద్దు. ఇంటి నుంచి సీసా తెచ్చుకోండి."

పేరు లేదు.

రాసిన పిల్ల సుద్దముక్క పట్టుకుని అక్కడే ఉంది. ఐదో తరగతి పిల్ల, జడలకు రిబ్బన్లు కట్టుకుని. నన్ను చూసి బెదిరి అరచేత్తో బల్ల తుడవబోయింది. తుడవొద్దమ్మా అన్నాను. "టీచరుంటే ఇదే రాయమనేది గదా అమ్మమ్మా, అందుకని రాశా" అంది, తప్పు చేసినట్టు తల దించుకుని. ఆ తల నేను దించుకోవాల్సింది. లోపలి నుంచి హెడ్మాస్టరుగారు పరిగెత్తుకొచ్చారు. పిల్లలు తెలియక రాశారమ్మా, ఇప్పుడే తుడిపిస్తాను, మీరు బాధపడొద్దు అన్నారు. నేను ఒక్క మాట అన్నాను. "వాళ్ళకి తెలిసే రాశారు సార్. ఉంచండి."

ఆ రోజు పిల్లలు ఆ వార్త ప్రార్థనలో చదివారు. నేను గేటు దగ్గరే నిలబడి విన్నాను. ఊరంతా నా చేతులు పట్టుకుని ఏడ్చినప్పుడు కూడా నాకు అంత దుఃఖం రాలేదు.

ఇంటికి పోయి పార, చీపురు తెచ్చాను. మా ఆయన గంప ఎత్తుకుని వెంట వచ్చాడు. బురద తవ్వి చేలగట్టుకు మోశాం. గచ్చు రుద్దాం. కాసేపటికి నా తోడికోడలు వచ్చింది, ఆమె వెనక ఇంకొందరు ఆడవాళ్ళు. వచ్చినవాళ్ళు వచ్చినట్టే చీపుర్లు అందుకున్నారు. పంచాయతీవాళ్ళు బ్లీచింగు కొట్టారు, గచ్చు పగుళ్ళు సిమెంటుతో పూడ్చారు, నీళ్ళు సీసాలో పట్టుకుపోయారు పరీక్షకు. మా బావగారు అప్పుడొచ్చాడు. గచ్చు కేసి చూసి, "మర్యాద అనుకున్నామమ్మా" అన్నాడు నాతో. మళ్ళీ తనే, "ఆ పిల్లుంటే ఒక్క గుండిగ దించనిచ్చేదా" అన్నాడు. ఇక నుంచి భోజనాలు పాత రైసుమిల్లు జాగాలో పెట్టుకుందామని ఊళ్ళో అనుకున్నారు. అనుకున్నారు, అంతే. వచ్చే పెళ్ళిళ్ళలో తెలుస్తుంది.

గీత నేనే గీశాను. ముగ్గు వేసే చెయ్యే అయినా వంకర్లు పోయింది. ఆమెలా వెనక్కి నడుస్తూ గీయడం చేతగాక రెండుసార్లు నా గీత నేనే తొక్కాను.

తర్వాత బల్ల మీద ఇంకో వార్త వచ్చింది. బోరింగు నీళ్ళు బాగున్నాయి, తాగవచ్చు. పిల్లలు తాగుతున్నారు. ఇప్పుడు సోమవారం పొద్దున గీత పని నాది. గీసి, బయట అరుగు మీద కూర్చుంటాను. నేను మాత్రం ఆ నీళ్ళు తాగలేదు. ఎవరో వద్దన్నారని కాదు. గ్లాసు పట్టుకుంటే గుండిగల చప్పుడు వినిపిస్తుంది.

మొన్న అలా కూర్చునుంటే మనవరాలు అంగన్‌వాడీలో నుంచి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే గీత దగ్గర ఆగి, బుల్లి చెప్పులు విడిచి, పెద్దపిల్లల వరస చివర పెట్టింది. లోపలికి పోయి దోసిలి పట్టింది. ఐదో తరగతి పిల్ల బోరింగు కొట్టింది. పాప తాగలేదు. దోసిలి అలాగే పట్టుకుని, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ నా దగ్గరికి బయల్దేరింది. నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి దారంతా కారుతూనే ఉన్నాయి. అరుగు దగ్గరికి వచ్చేసరికి దోసిట్లో చుక్క లేదు. అది తనకు తెలియలేదు. ఆ తడి చేతులు అలాగే ఎత్తి నా నోటికి పెట్టింది.