పోటీ లేదన్నవాడు

తమ్ముడు ఆర్వో పోయి రెండేళ్ళయినా ఎల్వీకి వాడి మీద విసుగు పోలేదు. ముప్ఫై ఏళ్ళు బడి వంటగదిలో మూడొందల మంది పిల్లల్ని భరించిన మనిషి, ఈ ఒక్కణ్ణి భరించలేక అలిసిపోయింది.

మిషిగన్ ఉత్తరపు కొసన నవంబరు పదిహేనున జింకల వేట మొదలవుతుంది. ఆ రోజు బళ్ళు కూడా తెరవరు. పన్నెండో ఏట నుంచి ఆర్వో ఒక్క ఏడూ తప్పలేదు. అందుకే, భార్య మార్లీన్‌ని కొట్టాడని కేసు పడితే, వేటలోపు తెమిలిపోవాలని వకీలు కూడా వద్దని, జడ్జి ముందు "నో కాంటెస్ట్" అనేసి వచ్చాడు. శిక్ష పడ్డాక తెలిసింది, ఇక జన్మలో తుపాకి ముట్టకూడదని.

అప్పీలు దారి పట్టాలంటే ముందు ఆ మాట వెనక్కి తీసుకుంటానని అర్జీ పెట్టుకోవాలి. ఇరవై ఒక్క రోజుల గడువు. ఇరవై ఒకటో రోజు మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు మహానుభావుడు, ఖాళీ అర్జీ పట్టుకుని. ఎల్వీ అప్పుడే పొయ్యిలోంచి, పిండిలో మాంసం, దుంపలు కూరి కాల్చే పాస్టీలు తీస్తోంది. చేతులు తుడుచుకుని కలం తీసింది.

"పోటీ లేదన్నానక్కా. తప్పు చేశానని అన్లేదుగా!"

"అదేమన్నా ఎన్నికల్రా, పోటీ లేదనడానికి? వాదించను, శిక్ష వేసుకోండి అని దానర్థం. జడ్జి విడమరిచి చెబుతుంటే తలూపావట."

"పదిహేనో తారీకు దగ్గరికొచ్చేస్తోందనీ..."

"కారణం అని అడిగాడిక్కడ. జింకలు ఎదురుచూస్తున్నాయి అని రాయనా?"

"అర్థం కాలేదని రాయవే."

"సరే, ఒప్పుకున్నారే అనుకో. కేసు మళ్ళీ మొదటికొస్తుంది. మార్లీన్ వచ్చి జరిగింది చెబుతుంది. నువ్వేం చెప్పుకుంటావ్?"

"అది నోటికొచ్చినట్టు..."

"నోటి సంగతి కాదురా. చేతి సంగతి అడుగుతున్నా."

ఆర్వో ఫోర్కుతో పాస్టీ అంచు పొడిపొడి చేశాడు. కోర్టులో ఈ ప్రశ్న వాణ్ణి ఎవరూ అడగలేదు. జడ్జి పోలీసుల కాగితం చదువుకుని సరిపెట్టుకున్నాడు.

"నెట్టాను" అన్నాడు.

"నెట్టడమేనా?"

"చెంప మీద కొట్టాను. పొయ్యికి తగిలి పడింది." ఫోర్కు పక్కన పెట్టి, "గట్టిగానే కొట్టాను" అన్నాడు.

ఎల్వీ కలానికి మూత పెట్టేసింది.

"ఇంకా గంటుందే కోర్టు మూయడానికి!"

"ఉంది. కారు తాళాలు అదిగో. నీ చేత్తో నువ్వు రాసుకుని వెళ్ళు. నేను రాయను."

వాడు కలం తీసుకున్నాడు. పేరు రాశాడు. కారణం దగ్గర ఆగిపోయాడు. గోడ గడియారం కోర్టు మూసే నాలుగున్నర దాటాక చల్లారిపోయిన పాస్టీ నోట్లో పెట్టుకుని, "ఉప్పు ఎక్కువేశావ్" అన్నాడు. ఆ మాటకి ఎల్వీకి వాడి నెత్తిన పళ్ళెం బోర్లించాలనిపించింది.

ఆ ఏడు పదిహేనో తారీకున, వేటకెళ్ళిన వాళ్ళకి పాస్టీలు చేస్తుంటే, పిలవకుండానే వచ్చి దుంపలు తరగడానికి కూర్చున్నాడు. అన్నీ లావుపాటి ముక్కలే. ఉన్నన్నాళ్ళూ ఏటా అంతే.

గట్టిగానే కొట్టానని తనతో అన్న ఆ మాట మార్లీన్‌తో ఎప్పుడైనా అన్నాడో లేదో ఎల్వీకి తెలియదు. అడిగినప్పుడల్లా, "దుంపలు తరగనిస్తావా లేదా?" అనేవాడు.