తెర మీద కనబడ్డ పాస్‌వర్డ్

కంప్యూటర్ నెట్‌వర్క్‌లు చూసే ఉద్యోగం మానేసి అశోక్ నగర్‌ హాస్టల్లో ఉంటూ గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్నాను. వైఫై నెమ్మదించిందని హాస్టల్ నడిపే అక్క చూడమంటే, అందులో వచ్చిపోయే డేటాను ఏదీ ముట్టుకోకుండా లాప్‌టాప్‌లో గమనించాను. మా కోచింగ్ సెంటర్ సైట్‌లోకి వెళ్తున్న అమ్మాయిల పాస్‌వర్డ్‌లన్నీ ఎవరూ చదవలేని సంకేతాలుగా మారకుండా, మామూలు అక్షరాల్లోనే కనబడ్డాయి. వెంటనే ఆపేసి సెంటర్‌కు పరిగెత్తి విషయం చెప్పాను.

"గవన్నీ ఎవరు చూస్తరమ్మా?" అని నవ్వాడు సెంటర్ నడిపే సారు.

"నా లాప్‌టాప్ మీ వైఫైకి పెడ్త. మీరొకసారి లాగిన్ కాండ్రి సార్."

ఆయన పాస్‌వర్డ్‌గా టైప్ చేసింది తన కూతురి పేరు. మరుక్షణమే అది నా తెర మీద కనబడింది.

"మూడేండ్ల సంది గిట్లనే నడుస్తున్నదమ్మా," అన్నాడు కుర్చీలో కూలబడుతూ.

సాయంత్రానికల్లా సైట్ మూసేశారు.